47 రోజుల అతిథి: ఒక సంఘ కాపరి రాసుకున్న కేస్ స్టడీ

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మైకులో ఒక ప్రకటన చేశాను. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక సిస్టర్ గారి భర్త ఆసుపత్రిలో ఉన్నారు, ట్రీట్‌మెంట్ ఇంకో వారం పడుతుందట, ఆవిడకి తల దాచుకునే చోటు కావాలి, ఎవరైనా ముందుకొస్తారా అని అడిగాను. రెండు నిమిషాలు కూడా గడవలేదు, మూడో వరసలోంచి మా సంఘ పెద్ద ఒకాయన చెయ్యెత్తారు. "మా ఇంట్లో ఉంటారు పాస్టర్ గారూ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. హెబ్రీ 13:2 మన కళ్ల ముందే నెరవేరింది అని నేను కూడా ఓ మాట కలిపాను. తెలియకుండానే దేవదూతలకి ఆతిథ్యమిచ్చినవాళ్లున్నారని చెప్పే వచనం అది.

ఆ సమయానికి ఆయన భార్య వెనక గదిలో సండేస్కూల్ పిల్లలతో ఉన్నారు. ఆ సంగతి నాకు ఏడు వారాల తర్వాత తెలిసింది.

ఈ కేసులో ఉన్న ముగ్గురూ, అంటే ఆ భార్యాభర్తలు, అతిథి, నేనిది రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. తప్పుల్లో ఎక్కువ భాగం నావే కాబట్టి వాటిని మాత్రం మార్చలేదు.

ఇల్లు, మనుషులు

రెండు పడకగదుల ఇల్లు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. అతిథికి యాభై దాటి ఉంటాయి. నెమ్మదస్తురాలు, అడిగితే తప్ప మాట్లాడరు. ఆవిడ కోసం పిల్లల గది ఖాళీ చేయించి పిల్లల్ని హాల్లోకి మార్చారు.

మొదటి వారం పండగలా గడిచింది. పిల్లలు ఆవిడ చుట్టూ చేరేవాళ్లు, రాత్రి ప్రార్థనలో ఆవిడ భర్త పేరు రోజూ వచ్చేది. రెండో వారం ఆయనకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టర్లు ఇంకో పది రోజులన్నారు. ఆ పదీ అయ్యాక చూద్దాం అన్నారు. "వారం" అనే మాట అక్కడితో పోయింది, దాని స్థానంలో వేరే లెక్క ఏదీ రాలేదు. రాలేదని ఎవరూ పైకి అనలేదు కూడా.

ఆవిడ తెల్లవారుజామున ఐదున్నరకి ఆసుపత్రికి బయల్దేరి రాత్రి పదికి తిరిగొచ్చేవారు. పోయేటప్పుడు ఒకరు లేచి తలుపు వేసుకోవాలి, వచ్చేటప్పుడు ఒకరు మేలుకుని తియ్యాలి. తాళంచెవి ఒకటి ఆవిడ చేతిలో పెడితే సరిపోయేది. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, నాతో సహా.

31వ రోజున ప్రార్థన చేసి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. వంటగదిలో గిన్నె మీద మూత పడిన చప్పుడు వినబడింది, పడాల్సినదానికన్నా కొంచెం గట్టిగా. అతిథి హాల్లో ఉన్నారు. నెల రోజులుగా ఉంటున్న ఇంట్లో ఆవిడ కుర్చీ అంచున, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చున్నారు. నాకు కనబడింది. చూశాను, ప్రార్థన చేశాను, లేచాను.

ఇల్లాలు గేటు దాకా వచ్చి మెల్లగా అడిగారు: "పాస్టర్ గారూ, ఇంకా ఎన్నాళ్లుంటారంటారు?"

నేను 1 పేతురు 4:9 చెప్పాను. "సణుగుకొనకుండ ఒకనికి ఒకడు ఆతిథ్యము చేయుడి." నవ్వుతూనే చెప్పాను, ప్రోత్సాహం ఇస్తున్నాననుకుని.

"సరేనండి" అన్నారావిడ. లోపలికి వెళ్లిపోయారు.

48వ రోజు పొద్దున చూస్తే అతిథి లేరు. దుప్పటి, బొంత నాలుగు మడతలు పెట్టి మంచం మీద ఉన్నాయి. ఉతికిన తువ్వాలు దండెం మీద ఇంకా తడిగానే ఉంది. ఆసుపత్రికి పరిగెత్తాను. వార్డు బయట నడవాలో, నేల మీద పేపరు పరుచుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముందు రాత్రి ఆ ఇంట్లో ఏదో మాట విన్నారట. ఏం మాటో చెప్పలేదు. "వాళ్ల మీద నాకేం కోపం లేదండీ. థాంక్స్ చెప్పీ చెప్పీ అలిసిపోయాను, అంతే" అన్నారు.

నేను వేసిన మొదటి లెక్క, అది ఎక్కడ తప్పింది

ఆ రోజు నాకు కోపం ఇల్లాలి మీదే వచ్చింది. ఆతిథ్యం క్రైస్తవ సుగుణం, ఆ సుగుణం ఆవిడలో కొరవడింది అన్నది నా తీర్పు. రోమా 12:13లో "ఆతిథ్యము" అని మనం చదివే చోట గ్రీకు మాట ఫిలొక్సేనియా, పరాయివాడి మీద ప్రేమ. ఆ ప్రేమ చల్లారింది, దాన్ని మళ్లీ రగిలించే ప్రసంగం చెయ్యాలి, అనుకున్నాను. పేతురు వచనమే మూలవాక్యం. శుక్రవారం రాత్రి నోట్సుతో కూర్చున్నాను.

"సణుగుడు" అన్న చోట పేతురు వాడిన గ్రీకు మాట గొంగుస్మోస్. పలికి చూడండి, మన "గొణుగుడు"కి చుట్టంలా లేదూ? రెండు భాషలకీ సంబంధం ఉందని కాదు, పళ్ల బిగువున వచ్చే చప్పుడుకి ఎవరైనా అలాంటి పేరే పెడతారు. ఆ మాట కొత్త నిబంధనలో ఇంకెక్కడుందా అని వెతుకుతుంటే అపొస్తలుల కార్యములు 6:1 తగిలింది. రోజువారీ పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అక్కడున్నదీ అదే గొంగుస్మోస్.

అపొస్తలులు సణగొద్దని వాళ్లకి ప్రసంగం చెయ్యలేదు. ఏడుగురు మనుషుల్ని పనికి పెట్టారు. ఏడుగురివీ గ్రీకు పేర్లే, స్తెఫను, ఫిలిప్పు మొదలుకుని. సణిగిన పక్షానికే బాధ్యత అప్పజెప్పారని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. సణుగుడుని వాళ్లు పాపం జాబితాలో రాసుకోలేదు, ఎక్కడో ఏర్పాటు లోపించిందన్న కబురుగా విన్నారు.

ఆ తర్వాత, యేసుని ఇంట్లో చేర్చుకుని పనుల్లో మునిగిపోయిన మార్త కథ కూడా వేరేలా వినబడింది. ఆవిడ ప్రభువుతో పెట్టుకున్న మొర ఏమిటి? పని ఎక్కువైందని కాదు, తనని ఒంటరిగా వదిలేశారని. యేసు ఆవిడ తొందరని సరిచేశారు, నిజమే. కానీ "ఒంటరిగా" అన్న ఆ ఒక్క మాట మీద నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఆగలేదు.

ఆరో శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి తన మఠాలకి రాసిన నియమావళిలో 53వ అధ్యాయం అతిథుల గురించి. వచ్చే ప్రతి అతిథినీ క్రీస్తులా చేర్చుకోవాలన్న మొదటి వాక్యం అందరికీ తెలుసు, గోడల మీద కూడా రాస్తారు. నేనూ ఉపన్యాసాల్లో వాడాను. కిందకి వెళ్తే వంటగది వస్తుంది. అతిథులు వేళాపాళా లేకుండా వస్తారు కాబట్టి వాళ్లకి వంటగది వేరుగా ఉండాలి, దానికి పని తెలిసిన ఇద్దరు సహోదరుల్ని ఏడాది పాటు నియమించాలి, అవసరమైతే వాళ్లకి ఇంకా సహాయకుల్ని ఇవ్వాలి. ఎందుకట? వాళ్లు సణుగుడు లేకుండా సేవ చెయ్యడానికి. పేతురు మాటే! పేతురు "సణగకుండా" అన్నాడు, అది ఎలా కుదురుతుందో బెనెడిక్టు రాశాడు: మనుషుల్ని ఇస్తే. నేను ఆ ఇంటికి వచనం ఇచ్చాను, మనిషిని ఇవ్వలేదు.

ఆ ఆదివారం ప్రసంగం మార్చేశాను. ఇక ఇక్కడి నుంచి కేసు అసలు పని.

ముగ్గురితో మాటలు

ఇల్లాలితో మాట్లాడటానికి మా ఆవిడ కూడా వచ్చింది. మొదటి పావుగంట "ఏం లేదండీ, బాగానే ఉంది" అనే నడిచింది. "మిమ్మల్ని ముందు ఎవరైనా అడిగారా?" అని మా ఆవిడ అడిగాక ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. సండేస్కూల్ గదిలోంచి బయటికొచ్చేసరికి అందరూ ఆవిడ చేతులు పట్టుకుని అభినందిస్తున్నారట. దేనికో ఆవిడకి అర్థం కాలేదట.

తర్వాత వరసగా చెప్పారు. ఐదున్నర తలుపు, పది గంటల తలుపు. హాల్లో పడుకున్న పిల్లలు, వాళ్ల పరీక్షలు. రెండు పూటలా అదనపు వంట, ఆసుపత్రికి క్యారేజీ. ఆఫీసులో రెండుసార్లు మాట పడటం. అత్తగారి ఎత్తిపొడుపులు. చివర్లో ఒక మాటన్నారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: "చెయ్యెత్తింది ఆయన. చేతులు అరిగింది నావి."

ఆదికాండము 18 గుర్తొచ్చింది. మమ్రే దగ్గర ముగ్గురు మనుషుల్ని చూసి పరిగెత్తింది అబ్రాహామే. మూడు మానికల పిండి పిసికి రొట్టెలు చెయ్యమని చెప్పింది మాత్రం గుడారంలో ఉన్న శారాకి, దూడని అప్పగించింది పనివాడికి. మూడు మానికలంటే ముగ్గురు తినే పిండి కాదు, ఇరవై లీటర్ల పైమాటే. తూర్పు సంఘాల్లో ఆ దృశ్యాన్ని చిత్రించే ఐకాన్‌కి "అబ్రాహాము ఆతిథ్యం" అనే పేరు. ఆతిథ్యం మీద నేను చేసిన ప్రసంగాలన్నీ గుడారం బయట, చెట్టు కిందే జరిగాయి.

భర్తతో మాట ఎక్కువసేపు సాగలేదు. "ఆవిడ ఒక్కసారీ ఏం అనలేదే" అన్నారు. అడిగారా అంటే తల దించుకున్నారు. మంచి మనిషి. ఆయన ఉదారతలో అబద్ధం లేదు. కాకపోతే అది ఇంకొకరి సమయంలోంచి తీసి ఇచ్చిన ఉదారత.

అతిథి చెప్పింది నేను ఊహించని సంగతి. గిన్నెలు తోమబోతే "మీరు అతిథి, కూర్చోండి" అన్నారట. బట్టలు మడవబోతే చేతిలోంచి లాక్కున్నారట. గౌరవంతోనే. "నెలన్నర కూర్చున్నానండీ. ఆసుపత్రిలో కూర్చోవడం, ఇంటికొచ్చి కూర్చోవడం. మా ఇంట్లో పదిమందికి వండిపెట్టిన చేతులివి" అన్నారు. వంటగదిలో ఒక మనిషి పని భారంతో నలిగిపోతోంది, హాల్లో ఇంకో మనిషి పని లేక నలిగిపోతోంది, మధ్యలో ఒక గోడ. ఆ గోడకి మేం పెట్టిన పేరు మర్యాద.

గ్రీకులో క్సెనోస్ అన్న ఒకే మాటకి పరాయివాడు, అతిథి, అతిథిని చేర్చుకున్నవాడు అనే అర్థాలన్నీ ఉన్నాయి. లూకా 24లో ఎమ్మాయు దారిన శిష్యులు బలవంతం చేసి ఒక పరాయివాణ్ని లోపలికి పిలుస్తారు. భోజనానికి కూర్చున్నాక రొట్టె పట్టుకుని, స్తోత్రం చేసి, విరిచి ఇచ్చింది ఆ పిలిచినవాళ్లు కాదు, ఆ వచ్చినవాడు, తిరిగి లేచిన యేసే. వాళ్ల కళ్లు తెరుచుకున్నదీ అప్పుడే. మేం మా అతిథిని రొట్టె ముట్టనివ్వలేదు.

ఏం మార్చాం

మొదట ఆవిడని ఆ నడవాలోంచి తీసుకురావాలి. పాత ఇంటికి కాదు, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇంకో ఇంటికి. ఈసారి మైకు లేదు. మా ఆవిడా నేనూ వెళ్లి, ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు, వంటగదిలో నిలబడి అడిగాం. కాదనడానికి వీలుండేలా అడగాలనుకుని "రేపు చెప్పండి" అని వచ్చేశాం. మర్నాడు ఇల్లాలే ఫోన్ చేశారు.

తర్వాత రోజులు. అతిథి అంటే తిథి లేకుండా వచ్చేవాడని మన పెద్దలు అర్థం చెబుతారు. రావడానికి తిథి లేకపోతే పోనీ, పోవడానికి ఒకటుండాలని నాకు ఈ కేసులో తెలిసొచ్చింది. తొలినాటి సంఘానికి ఇది బాగా తెలుసు. దిదాఖె అని ఒక పాత పుస్తకం ఉంది, మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో. శతాబ్దాల పాటు కనబడకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక చేతిరాత ప్రతిలో దొరికింది. దారిన వచ్చినవాడికి చేతనైనంత సాయం చెయ్యండి, రెండు రోజులు, అవసరమైతే మూడు, అంతకు మించి ఉండకూడదు అంటుంది. అక్కడే స్థిరపడతానంటే తన వృత్తి చేసుకుని తినాలి. తిరుగుతూ వచ్చే అపొస్తలుడికైతే ఒక్క రోజు, తప్పదంటే ఇంకో రోజు. మూడో రోజూ ఉంటే వాడు అబద్ధ ప్రవక్త. మొదటిసారి చదివినప్పుడు ఇది పిసినారితనంలా అనిపించింది. ఇప్పుడు ఆ రాసినవాళ్ల ఇళ్లలో కూడా గిన్నె మూతలు గట్టిగా పడి ఉంటాయనిపిస్తోంది.

మూడు రోజుల్లో మా అతిథిని పంపలేం కదా. అందుకని పద్నాలుగు రోజులు అన్నాం. పన్నెండో రోజు అందరం కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలి, ఆ మాట ఎత్తాల్సింది నేను, ఇంటివాళ్లు కాదు. "ఇంకా ఎన్నాళ్లు" అనే ప్రశ్న ఇల్లాలి నోట రాకూడదన్నదే దీనంతటి వెనకున్న ఉద్దేశం.

తాళంచెవి మొదటి రోజే ఇచ్చాం. రాత్రి భోజనం మూడు ఇళ్లు వంతులేసుకున్నాయి, క్యారేజీ ఇద్దరు యువకులు చూసుకున్నారు. పాత ఇంటి సంఘ పెద్ద తనంతట తానే వచ్చి దుప్పట్లు, బట్టలు ఉతికించే పని రాయించుకున్నారు. ఇవన్నీ ఒక పుస్తకంలో రాశాం. అతిథికి కూడా అందులో ఒక గడి ఉంది. ఆవిడ ఏం ఎంచుకున్నారంటే, శనివారం సాయంత్రం ఆ ఇంట్లో వంట.

భద్రత గురించి ఒక మాట, ఎందుకంటే కాపరులు దీన్ని దాటేస్తారు. ఎవరినీ ఒక్కరమే మాట్లాడి ఇంటికి పంపం, ఇద్దరం మాట్లాడతాం, వాళ్ల గురించి తెలిసినవాళ్లతో కూడా. పిల్లలు పడుకునే చోట కొత్తవాళ్లు పడుకోరు. ఇది అపనమ్మకం అని కొందరన్నారు. రెండో శతాబ్దంలోనే లూసియన్ అనే వ్యంగ్య రచయిత, పెరెగ్రీనస్ అనేవాడు క్రైస్తవుల మంచితనాన్ని ఎలా వాడుకున్నాడో రాసి నవ్వించాడు. బెనెడిక్టు కూడా అతిథితో ముందు ప్రార్థన చేశాకే సమాధానపు ముద్దు ఇమ్మన్నాడు, సాతాను మోసాలుంటాయని.

ఆ తర్వాత

ఆవిడ కొత్త ఇంట్లో ఇంకో 23 రోజులు ఉన్నారు. భర్త డిశ్చార్జ్ అయ్యారు, ఇద్దరూ వెళ్లిపోయారు. వెళ్లే ముందు పాత ఇంటికి వెళ్లి ఇల్లాలితో గంటసేపు కూర్చున్నారట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఇదే పద్ధతిలో ఐదుగురిని చేర్చుకున్నాం. నాలుగు బాగానే నడిచాయి. ఒకటి చెడింది: గడువు అయ్యాక కూడా ఒకతను కదల్లేదు, వెళ్లమని చెప్పాల్సింది నేనే, చెప్పాను. "ఇదేనా మీ ప్రేమ" అని వెళ్లిపోయాడు. చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను, అలాగని ఆ రాత్రి నిద్ర పట్టిందని కూడా అనను.

నాకు నిజంగా గుబులు పుట్టించేది వేరే ఉంది. ఈ మధ్య ఎవరైనా కొత్తవాళ్లు గుడికొస్తే మావాళ్లు "పుస్తకంలో రాయండి పాస్టర్ గారూ" అంటున్నారు. మునుపు పక్కన కూర్చున్నవాళ్లే పలకరించి ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. నాలుగో శతాబ్దంలో బసిలు అనే బిషప్పు కైసరయలో బాటసారులకీ రోగులకీ పెద్ద వసతి కట్టించాడు, అలాంటివి తర్వాత చాలా చోట్ల వచ్చాయి. వాటితోపాటే ఈ జబ్బూ వచ్చినట్టుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో బిషప్పు యోహాను క్రిసోస్తొమ్ అపొస్తలుల కార్యముల మీద ప్రసంగిస్తూ దీని మీద విరుచుకుపడ్డాడు. సంఘానికి అతిథి గృహం ఉంది కదా అని చేతులు దులుపుకోకండి, మీ ఇంట్లోనే పరదేశి కోసం ఒక గది ఉంచండి, అది క్రీస్తు గది అనుకోండి అన్నాడు. ఏర్పాటు లేకపోతే ఒక స్త్రీ నడుం విరుగుతుంది, ఏర్పాటుంటే నలుగురి చేతులు జేబుల్లోకి పోతాయి. నా దగ్గర దీనికి మందు లేదు. ప్రస్తుతానికి చేస్తున్నదల్లా, పుస్తకం ఆరాధన అయ్యాక అరగంట దాకా తెరవను. ఆ అరగంటలో మీరే ఎవరినైనా పలకరించండి అంటాను. కొన్ని ఆదివారాలు పనిచేస్తుంది.

ఒక పని చాలా ఆలస్యంగా చేశాను. వచనం చెప్పిన ఆ గేటు దగ్గరే నిలబడి ఇల్లాలికి క్షమాపణ చెప్పాను. ఆవిడ "సరేనండి" అన్నారు, అప్పటిలాగే. ఈసారి తొందరపడి అర్థం చెప్పుకోలేదు. పుస్తకంలో మీ పేరు కొన్నాళ్లు ఖాళీగా ఉంచమంటారా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పిల్లల పరీక్షలయ్యేదాకా" అన్నారు. రాసుకున్నాను.